స్క్రూ మీద రంగు చుక్క

జూన్ 3

బావ చేతికి కట్టు విప్పేశారు. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు సగం వరకే వంగుతున్నాయి. మెత్తటి బంతి ఒకటి ఇచ్చి రోజూ నొక్కుతూ ఉండమన్నాడట డాక్టరు. బావ ఇంటికి రాగానే ఆ బంతిని టీవీ మీద పెట్టి, పెరట్లోకి వెళ్ళి షెడ్డు తాళం తీశాడు. ఇత్తడిని తిప్పి చెక్కే లేత్ మీద కప్పిన దుప్పటి తియ్యలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, వచ్చి నా పక్కన కూర్చుని, బామ్మర్దీ, దాని సంగతేదో తేల్చు అన్నాడు.

రిపేరు షాపులో ఇవాళంతా ఇన్వర్టర్లతోనే సరిపోయింది. నడుము పట్టేసింది. రేపు చూస్తానన్నాను.

జూన్ 4

చూడలేదు. ఒళ్ళు సహకరించలేదు.

జూన్ 6

ఇవాళ దుప్పటి తీశాను. చిన్న మెషిన్, భోజనాల బల్ల మీద పట్టేస్తుంది. దాని మీదే బావ నీళ్ళ పంపులకు ఇత్తడి బుష్‌లు, ఇరుసు తొడుగుల్లాంటివి, చేస్తాడు. ఈ ఇంట్లో అందరి అన్నమూ ఇత్తడి ముక్కని బిగించి తిప్పే ఆ చక్ తిరిగితేనే. నేను షాపు నుంచి తెచ్చేది పప్పులో ఉప్పుకి సరిపోతుందని అక్క వెక్కిరిస్తుంది, అబద్ధమేమీ కాదు.

బావకి దెబ్బ తగిలిన రోజు జరిగింది ఎక్కడా రాసుకోలేదు, ఇప్పుడు రాస్తున్నాను. బావ ఒక సన్నటి బుష్‌ని ఎమరీ గుడ్డతో నునుపు చేస్తున్నాడు. స్పీడు తక్కువలోనే ఉంది. నాబ్ ఎవరూ ముట్టుకోలేదు. ఉన్నట్టుండి చక్ ఫుల్ స్పీడు అందుకుంది. గుడ్డని లాక్కుంది, గుడ్డతో పాటు వేళ్ళనీ లాక్కుంది. అక్క వంటింట్లోంచి పరుగున వచ్చి ప్లగ్గు పీకేసింది. నేను షాపులో ఉన్నాను. నేను చూసింది నేల మీద ఆరిపోయిన మరకలు మాత్రమే.

సాయంత్రం చక్ ఖాళీగా పెట్టి స్విచ్ వేశాను. నాబ్ కొంచెం తిప్పితే బుద్ధిగా తిరిగింది. మెల్లగా తిరుగుతూ తిరుగుతూ ఒక్కసారి కూత పెట్టి ఫుల్ స్పీడుకి లేచింది. నేను వెనక్కి గెంతాను. గెంతి తలుపు వైపు చూస్తే అక్క నిలబడి ఉంది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ 7

నాబ్ వెనకాల రేడియో వాల్యూమ్ లాంటి ముక్క ఒకటి ఉంటుంది. సగం కేసుల్లో దొంగ అదే. మార్చాను. మళ్ళీ లేచింది. మోటారు కార్బన్ బ్రష్‌లు తీసి చూశాను, నా పళ్ళ కంటే గట్టిగా ఉన్నాయి. ఇక మిగిలింది కంట్రోల్ బోర్డే. దాని పెట్టె విప్పే ఓపిక ఇవాళ లేదు.

జూన్ 9

దొరికింది.

పెట్టె మూత తియ్యగానే బోర్డంతా బంగారం చల్లినట్టు మెరుస్తోంది. ఇత్తడి రజను. సన్నటి పిండిలా బోర్డు మీది ముక్కల లోహపు కాళ్ళ మధ్యలో పేరుకుంది. చలికి, వేడికి, అదురుకి అది కాస్త కదిలినప్పుడల్లా రెండు కాళ్ళు కలుస్తాయి, మోటారుకి పిచ్చెక్కుతుంది. ఆ రజను లోపలికి ఎలా వచ్చిందా అని చూస్తే, పెట్టె పక్కన గాలి కోసం కన్నాలున్నాయి. బావకి శుభ్రం పిచ్చి. పని అయ్యాక రోజూ సాయంత్రం మెషిన్ని బ్లోయర్‌తో ఊదుతాడు. మూల మూలకీ ఊదుతాడు. వీధిలో ఏ వర్క్‌షాపులోనూ ఇంత తళతళలాడే మెషిన్ లేదని అందరూ అంటారు. ఆ ఊదిందంతా ఆ కన్నాల్లోంచి బోర్డు మీదకి చేరింది.

చెప్పాను. బావ బోర్డు మీదకి వంగాడు. అంటే రోజూ దాని ముక్కులో నేనే దుమ్ము ఊదానన్నమాట అన్నాడు. నవ్వబోయి మానేశాడు.

పాత టూత్‌బ్రష్, స్పిరిట్ పెట్టి బోర్డంతా కడిగాను. అక్క టార్చ్ పట్టుకుంది. చెయ్యి కదలకుండా పట్టుకోమంటే గోడకి ఆనుకుని మరీ పట్టుకుంది. బోర్డు మీద మూడు చిన్న ప్రీసెట్ స్క్రూలు ఉంటే, ఇవేంట్రా అని అడిగింది. చెప్పాను. ఇది మోటారు బలానికి, ఇది అన్నిటికంటే తక్కువ స్పీడుకి, ఇది అన్నిటికంటే ఎక్కువ స్పీడుకి. దీన్ని ఇటు తగ్గిస్తే పైన నాబ్ ఎంత తిప్పినా మెషిన్ దాని మాటే వింటుంది తప్ప నాబ్ మాట వినదు. అలాగా అంది.

కడిగాక ఆ ఎక్కువ స్పీడు స్క్రూ ఎంతలో ఉండాలో మళ్ళీ చూసుకోవాలి. దానికి నా దగ్గర మీటరేమీ లేదు, బావ చెవే మీటరు. గుమ్మంలో నిలబడి విన్నాడు. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం అన్నాడు. ఆపు అన్నాడు. ఆపి, స్క్రూ కదలకుండా ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. మా రిపేరు వాళ్ళందరి దగ్గరా ఈ సీసా ఉంటుంది. నా టూల్ బ్యాగులో అది చూసి అక్క చాలాకాలం నాకెవరో ఉన్నారని ఆశపడింది పాపం.

కన్నాలకి సన్న జాలీ అతికించాను. బ్లోయర్ అటక మీదకి ఎక్కించాను.

జూన్ 10

లేత్ సాయంత్రమంతా ఊరికే తిప్పాను. ఒక్కసారి కూడా లేవలేదు. పైస్పీడులో చక్కగా కూనిరాగం తీసినట్టు తిరిగింది. బావ మాత్రం ముట్టుకోలేదు. రేపు క్షవరం చేయించుకుని ఎల్లుండి మొదలుపెడతానన్నాడు. క్షవరానికీ లేత్‌కీ సంబంధమేంటో అడగలేదు. భయం ఉంటుంది కదా.

జూన్ 12

బావ ఇవాళ పని మొదలుపెట్టాడు. ఒక్క బుష్ చేశాడు. సన్న డ్రిల్ బిట్ ఒకటి విరిగింది. మెషిన్లో దమ్ము లేదన్నాడు. ఇత్తడికి మెరుపు రావట్లేదు, గీతలు పడుతున్నాయి, స్పీడు పైకి రావట్లేదన్నాడు.

షాపు నుంచి అప్పుడే వచ్చాను, చెప్పులు కూడా విప్పలేదు. వెళ్ళి స్విచ్ వేసి నాబ్ తిప్పి చూశాను. అది లేవకూడదు, అదే నాకు కావాల్సింది. లేవలేదు. బాగానే ఉంది బావా అన్నాను. ఆయన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు.

అన్నం పెడుతూ అక్క నాతో గొంతు తగ్గించి, మీ బావకి భయం పట్టుకుందిరా, తొందరపెట్టకు అంది. నేనూ అదే అనుకున్నాను.

జూన్ 15

మళ్ళీ అదే మాట. దమ్ము లేదు. ఉన్న కార్బన్ బ్రష్‌లు బాగానే ఉన్నా కొత్తవి వేశాను. జ్వరం లేనివాడికి మాత్ర ఇచ్చినట్టు. బావ థాంక్స్ అన్నాడు. బావ నాకు థాంక్స్ చెప్పడం ఇదే మొదలు, అస్సలు బాగాలేదు.

జూన్ 16

అదే మాట.

జూన్ 18

పంపుల షాపాయన ఇంటికి వచ్చాడు. బుష్‌లన్నీ కొనేది ఈయనే. మంచి మనిషి, అందుకే మరీ కష్టంగా ఉంది. ఈసారి సరుకు గరగరలాడుతోందని చెప్పడానికి నానా తిప్పలు పడ్డాడు. దెబ్బ తగిలిన చేత్తో ఎందుకండీ ఈ అవస్థ, వచ్చి నా కౌంటర్లో కూర్చోండి, ఫ్యాను కింద పని అన్నాడు. బావ సరేనన్నాడు. ఆలోచించి కూడా చూడలేదు. ఆయన వెళ్ళగానే పాత మెషిన్లు కొనేవాడికి ఫోన్ చేసి, శనివారం వచ్చి లేత్ చూసుకోమన్నాడు.

నాకు కోపం వచ్చింది. రోజంతా ఊళ్ళోవాళ్ళ ఇన్వర్టర్లు బాగుచేసి, వచ్చి ఇంట్లో బాగున్న మెషిన్ని బాగుచేసి చేసి విసిగిపోయాను. బావా, మెషిన్‌కి ఏం లేదు, ఉన్నదంతా నీకే అనేశాను. అనకుండా ఉండాల్సింది. బావ కోప్పడలేదు. దెబ్బ వేళ్ళకి తగిలింది గానీ చెవికి కాదు కదరా అని, అంతలోనే, ఏమో చెవి కూడా పోయిందేమో అన్నాడు. లేచి షెడ్డుకి తాళం వేసి వచ్చాడు.

అక్క ఇవన్నీ వింటూ ఒకే గిన్నెని తోముతూ ఉండిపోయింది.

జూన్ 19, మధ్యాహ్నం

షాపులో ఒక స్టెబిలైజర్ సరిచేసి స్క్రూ మీద ఎర్ర చుక్క పెడుతుంటే బావ అన్న మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఆ రోజు గుమ్మంలో నిలబడి ఆపు అన్నది ఆ చెవే. అది అప్పుడు బాగుండి ఇప్పుడు పోవడమేంటి? నేను అది లేస్తోందా లేదా అనే చూశాను, ఎంతవరకు వస్తోందో ఒక్కసారీ చూడలేదు.

షట్టర్ దించి ఇంటికి వచ్చాను. బావ పంపుల షాపులో కౌంటర్ చూడ్డానికి వెళ్ళాడు. పెట్టె మూత తీశాను.

నా ఎర్ర చుక్క పగిలి ఉంది. స్క్రూ బాగా తగ్గించి ఉంది. దాని మీద కొత్త చుక్క పెట్టి ఉంది, లేత గులాబీ రంగుది.

ఈ ఇంట్లో గులాబీ రంగు గోళ్ళు ఒక్కరివే.

జూన్ 19, సాయంత్రం

అక్క మంచం మీద బట్టలు మడతపెడుతోంది. నేను ఏమీ అడగలేదు, చేతిలో టార్చ్ పట్టుకుని నిలబడ్డాను. టార్చ్ చూసి, అవునురా నేనే అంది.

బావ క్షవరానికి వెళ్ళినప్పుడు చేసిందట. ముందు ప్లగ్గు తీసి, నా బ్యాగులోంచి సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని, నేను చెప్పినట్టే ఇటు తిప్పిందట. నా సీసా మాత్రం ఆ రోజు బ్యాగులోంచి తీసి షాపుకి పట్టుకెళ్ళాను కాబట్టి తనది వాడింది. రంగు పెట్టకపోతే స్క్రూ కదిలి మళ్ళీ స్పీడు పెరుగుతుందేమోనని పెట్టిందట గానీ దొరికిపోతానని తట్టలేదట. నేను చెప్పిన పాఠం ఇంత శ్రద్ధగా ఇంతవరకు ఎవరూ నేర్చుకోలేదు.

తర్వాత ఆగకుండా మాట్లాడింది. ఆ చప్పుడు నువ్వు వినలేదు, నేను విన్నాను అంది. మెషిన్ చప్పుడు కాదు, ఆయన చప్పుడు అంది. ఇప్పుడు మిక్సీ వేసినా అదే వినిపిస్తోందట, పక్కింట్లో నీళ్ళ మోటారు వేసినా అదేనట. నెమ్మదిగా తిరిగితే ఆయన నెమ్మదిగా చేసుకుంటాడులే అనుకుందట. మెషిన్ బాగాలేదని ఆయన అన్నప్పుడు, పోనీ తనంతట తనే మానేస్తాడు, మానెయ్యమని నేను అడగక్కర్లేదు అనుకుందట. తీరా నిన్న మానేస్తానంటే సంతోషం రాలేదు. బావ గరగరలాడే బుష్‌ని బొటనవేలితో తడిమి తడిమి, తను చూస్తోందని జేబులో దాచుకున్నాడట. భయం నాదిరా, పేరు ఆయనకి పెట్టాను అంది. అని దుప్పటి మడతలో మొహం పెట్టుకుంది.

నాకు తిట్టాలనిపించలేదు. ఓదార్చే శక్తీ లేదు. పక్కన కూర్చుని మిగిలిన బట్టలు మడతపెట్టాను. చొక్కాలు మడతపెట్టడం నాకు రాదని అంత ఏడుపులోనూ లాక్కుని మళ్ళీ మడతపెట్టింది.

ఆయనకి నువ్వు చెప్పకు, నేనే చెబుతా అంది.

జూన్ 20

చెప్పింది. అన్నం ముందు కూర్చున్నప్పుడు, పప్పు వడ్డిస్తూ చెప్పేసింది. బావ కలిపిన ముద్ద అలాగే పట్టుకున్నాడు. నేను గోడ వైపు చూశాను. బావ కళ్ళు తుడుచుకుని, అయితే నా చెవి బాగానే ఉందన్నమాట అన్నాడు. అంతే అన్నాడు. తర్వాత ఇంకో గరిటె పప్పు అడిగాడు.

జూన్ 21

పొద్దున్నే ముగ్గురం షెడ్డులోకి వెళ్ళాం. స్క్రూ నేను తిప్పుతానంటే అక్క వద్దంది, తగ్గించింది తనే కాబట్టి తనే పెంచుతానంది. కరెంటు ఉండగా తిప్పాలి కాబట్టి చెక్క పలక మీద నిలబెట్టి, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకోమన్నాను. బావ మెషిన్ ముందు తన చోటులో నిలబడ్డాడు, చేతులు కట్టుకుని.

స్విచ్ వేశాను. అక్క కొంచెం తిప్పింది. చప్పుడు పెరిగింది. అక్క మొహం తెల్లబోయింది. చాలా? అని అడిగింది. బావ చాలు అంటాడేమోనని నాకు భయమేసింది. ఆమె మొహం చూస్తే ఎవరైనా చాలు అంటారు. ఇంకొంచెం అన్నాడు. తిప్పింది. ఇంకొంచెం అన్నాడు. పిడిని ఇంకా గట్టిగా పట్టుకుని తిప్పింది. బావ ఆపు అన్నాక కూడా చాలాసేపు ముగ్గురం అక్కడే నిలబడి ఆ చప్పుడు వింటూ ఉన్నాం. అక్క పలక దిగలేదు, బయటికీ పోలేదు.

తర్వాత బావ ఒక బుష్ చేశాడు. చేత్తో ఎమరీ గుడ్డ పట్టలేదు, చెక్క పుల్లకి చుట్టి పట్టాడు. ఇక ఎప్పుడూ అలాగేనని అక్కకి మాటిచ్చాడు. పని అయ్యాక బుష్‌ని బొటనవేలితో ఒకసారి తడిమి ఆమె చేతిలో పెట్టాడు.

నేను ఎర్ర సీసా తీస్తే వద్దన్నాడు. రంగు వెయ్యకురా, మీ అక్కకి మరీ భయమేసిన రోజు తగ్గించుకుంటుంది, కాకపోతే నాతో ఒక మాట చెప్పి తగ్గించాలి అన్నాడు.

జూన్ 22

శనివారం. పాత మెషిన్ల ఆయన వచ్చి, టీ తాగి, అమ్మకానికి కాదంటే ముఖం మాడ్చుకుని వెళ్ళాడు. పంపుల షాపాయనకి బావ ఫోన్ చేసి కౌంటర్‌కి రానని చెప్పాడు. నేను సాయంత్రం దాకా పడుకున్నాను. షెడ్డులో లేత్ తిరుగుతూనే ఉంది.

జూలై 5

నా సన్న స్క్రూడ్రైవర్ కోసం బ్యాగంతా వెతికాను. వంటింట్లో చెంచాల స్టాండులో ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, షాపుకి వెళ్తూ దారిలో ఇంకోటి కొనుక్కున్నాను.