నలభై ఏడో ఫోటో

గురువారం, హాస్టల్

శ్రావణికి ఉద్యోగం వచ్చిందని కోచింగ్ సెంటర్ వాళ్లు అశోక్ నగర్ చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారట. దానికి ఫోటో దిగాలి, తోడు రమ్మంది. నాకూ కొత్త అప్లికేషన్‌కి ఫోటో కావాలి కదా అని నారాయణగూడ స్టూడియోకి వెళ్లాను. రెండేళ్లు ఇద్దరం ఒకే నోట్సు చదివాం. ఈరోజు ఆమె కట్టుకున్న నీలం చీర కూడా నాదే.

స్టూడియో అన్న నాకు రెండు ఫోటోలు తీసి లేవమన్నాడు. ఆమెకు మాత్రం అరవై తీశాడు.

"గన్ని ఎందుకన్నా?" అని అడిగేశాను.

"అప్లికేషన్‌కు రెండు చాలు చెల్లె. ఫ్లెక్సీకైతే ముప్పై దాటినంక గానీ మనిషి కెమెరాను మర్చిపోడు."

నిజమే. కొంగు సర్దుకోమని నేను సైగ చేస్తే, నన్ను చూసి నవ్వేసింది శ్రావణి. అది నలభై ఏడోది. ఎంత బాగా వచ్చిందో! ఒళ్లు మండిపోయింది నాకు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాక నా చెయ్యి పట్టుకుంది. "నాకేం తెలుస్తలేదే, నువ్వే చెప్పు."

పన్నెండోది చూపించాను. అందులో ఆమె మొహం బిగుసుకుపోయి ఉంది.

"ఇదా?"

"ఆఫీసర్ లెక్క ఉన్నవ్."

అదే ఖాయం చేసింది. అన్న నావైపు ఒకసారి చూశాడు.

పడుకునే ముందు వాళ్లమ్మతో ఫోన్‌లో, "ఫోటో నా దోస్తే సెలెక్ట్ చేసిందమ్మా," అని మురిసిపోతూ చెప్పింది.

రేపు ఫ్లెక్సీ కడతారు. చిక్కడపల్లి లైబ్రరీకి నేను రోజూ దాని ముందు నుంచే వెళ్లాలి.