టీ సంచి, బొటనవేలి గోరు

శనివారం రాత్రి, తాండూరు

గోరు నిలిచింది. ఇప్పుడే గిటారు మీద పాట మొత్తం వాయించి చూశాను, ఊడలేదు. నాకు నిద్ర వచ్చేలా లేదు.

పొద్దున పచ్చి కందికాయలు ఒలుస్తుంటే కుడి బొటనవేలి గోరు అడ్డంగా చీలింది. ఆ గోటితోనే నేను తీగ మీటేది. రేపేమో చర్చిలో మొదటిసారి ఒక్కదాన్నే వాయించాలి. చీలిక మీద టీ బ్యాగ్ కాగితం ముక్క జిగురుతో అంటిస్తే గట్టిపడుతుందని ఫోన్‌లో చూసి, బాపును టీ బ్యాగ్ తెమ్మన్నాను. ఆయన టీ కప్పు బొమ్మ ఉన్న గుడ్డసంచి పట్టుకొచ్చాడు.

"దుకాణపాయన గిదే ఉందన్నడు బిడ్డా. మస్తు గట్టిగుంది, సూడు."

నవ్వు ఆపుకోలేక చచ్చాను.

చివరికి క్రిస్మస్ నక్షత్రం చేయగా మిగిలిన పల్చటి ఎర్ర కాగితం దొరికింది. చిన్న ముక్క అంటించి, ఆరాక నున్నగా అరగదీసి, పైన రంగులేని నెయిల్ పాలిష్ వేశాను. రేపు అందరూ నా ఎర్ర బొటనవేలే చూస్తారేమో. చూడనీ.

మిగతా గోళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ అమ్మ చెయ్యి కూడా పట్టుకున్నాను. నేను వదిలేసిన కాయలన్నీ తనే ఒలిచింది. గోళ్లు మొదలంటా అరిగి, పగిలి ఉన్నాయి. చెయ్యి లాగేసుకుంది.

"నాకెందుకే, నేనేమన్న వాయించేదుందా?"

కానీ ఇందాక నేను పాట వాయిస్తున్నంతసేపూ వంటింట్లోంచి గిన్నె మీద తాళం వినిపించింది. ఎక్కడా తప్పలేదు.

నూనె సీసాకు మూత ఇంకా పెట్టలేదు.