దండోరా వెయ్యని సముద్రం

నాయినా,

నీ సంవత్సరీకం అయ్యాక అమ్మను ముంబయి తీసుకొచ్చాను. ఏటా నువ్వు తిప్పినట్టే బజార్లన్నీ తీరిగ్గా తిప్పాను. నిన్న సాయంత్రం సముద్రం దగ్గర మీరిద్దరూ కూర్చునే బండ మీదే కూర్చోబెట్టి చాయ్ కోసం వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బండ చుట్టూ నీళ్ళు.

"అమ్మా, లే!" అని అరిచాను. చెయ్యి ఊపింది గానీ కదల్లేదు. చాయ్ పారేసి మోకాళ్ళ లోతు నీళ్ళలో పరుగెత్తాను. ఓ అల ఆమె ఒళ్ళో పడింది. రెక్క పట్టుకుని లాక్కొచ్చాను.

"నీళ్ళు వస్తుంటే కనపడలేదా?" అన్నాను కోపంగా.

"ఊకె పరేషాన్ గాకురా. మన కృష్ణల నీళ్ళు ఇడిస్తే ముందుగాల ఊర్ల దండోరా ఏస్తరు గదా. ఈడ ఎవలు ఏసిన్రు?"

ఏటా సముద్రం చూసిన మనిషి ఆ మాట అంది. అప్పుడు, చిన్నప్పుడు మీతో వచ్చి చూసింది గుర్తొచ్చింది. నువ్వు కబుర్ల మధ్యలోనూ బండ మీది తడి ఎంత పైకొచ్చిందో కనిపెట్టుకుని ఉండేవాడివి. ఉన్నట్టుండి "లే, పోదాం" అనేవాడివి. ఎందుకు లేవమంటున్నావో అమ్మకు ఏనాడూ చెప్పలేదు.

ఇవాళ ఆమెను గట్టు మీదే కూర్చోబెట్టాను. పోటు మొదలవగానే నీలాగే "లే, పోదాం" అన్నాను. అమ్మ నావైపు చూడలేదు. పక్కనున్న ఖాళీ చోటును చూసి, లేచింది.