నిండని ఇంకుడు గుంత

నంద్యాల, 14-9-2001

నాయనా, దేవుని కృపవల్ల క్షేమంగా ఉన్నాను, దిగులు పడొద్దు.

వాననీళ్లు వీధుల్లో నిలవకుండా మా కాలనీ కమిటీ పది ఇంకుడు గుంతలు తవ్వించి, పక్కన కానుగ మొక్కలు నాటించింది. చోటు చూసి ముగ్గు పోసింది నేనే. ఒకచోట పసుపు పూసిన బండ అడ్డమొస్తే హద్దురాయి అనుకుని తీయించాను. ఎదురింటి మద్దమ్మ పరుగున వచ్చింది. "ఏందీ పని? ఆడ పూడ్చిన బాయుండాది. బండ తీస్తే నోరు తెరుస్తాది!" నేను నవ్వాను.

నిన్న పొద్దున వాన కురిసింది. తొమ్మిది గుంతలు నిండి పొర్లాయి. బండ తీసిన చోట తవ్విన పదోది వీధి నీళ్లన్నీ తాగినా నిండలేదు. వంగి వింటే, అడుగున ఎవరో చేద వేసి తోడుతున్న చప్పుడు. మధ్యాహ్నానికి కానుగ మొక్క, పక్కనున్న ప్రహరీ గోడ లోపలికి దిగిపోయాయి.

నా గొడుగు బస్సులో పంపు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మన వెనకగది కట్టింది పూడ్చిన బావి మీదే కదా. అందులో పడుకునే అన్న కూతురు కీర్తన మంచం ఈ కార్డు అందగానే బయట వేయించు.

అందరికీ వందనాలు.
నీ బిడ్డ ఎస్తేరు

చోటు చాలక అంచున రాస్తున్నాను: చిన్నప్పుడు ఆ గదిలో నాకు వినబడింది ఇదే చప్పుడు. నువ్వు ఎలుకలన్నావు.