వదిన పంటి నొప్పి

ఏమండీ,

సంగటి గిన్నెలో ఉంది, పప్పు వేడి చేసుకోండి. మిద్దె మీది బట్టలు తెచ్చి మడతపెట్టండి, కుర్చీలో కుప్ప వేయొద్దు.

నేను మన వీధి చివర ఉన్న మనసు డాక్టరు దగ్గరికి పోతున్నాను. గాబరాపడకండి, పెనుకొండ నుంచి దాసమ్మ వదిన కూడా వచ్చింది.

హిందూపురంలో ఎవరైనా చూస్తే పిచ్చిదంటారని మీరు నన్ను ధర్మవరం పంపిస్తున్నారు కదా. పోయినసారి ఆ ఆసుపత్రి వరండాలో ఒకామె ముఖం నిండా కొంగు కప్పుకొని కూర్చుంది. చూస్తే మీ అక్క, మన దాసమ్మ వదినే. నాకు తల చెడిందని బంధువులందరికీ చెప్పిన మనిషి.

"ఏం వదినా, ఈడుండావు?" అన్నాను.

"పంటి నొప్పి" అంది.

"నాకూ పంటి నొప్పే. మనిద్దరికీ ఒకే పన్ను పుచ్చినట్టుండాది" అన్నాను.

ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. రెండేళ్లుగా సరిగ్గా నిద్ర లేదట. నన్నన్న మాటలే తననూ అంటారని ఇన్నాళ్లూ నోరు విప్పలేదట. "ఇంక దాక్కునేది చాలు. మీ ఊర్లోనే చూపిచ్చుకుందాం" అని తనే అంది.

యశోద

మరిచాను. నెల నుంచి మీరు తింటూ తింటూ సగంలో లేచిపోతున్నారు. అడిగితే ఎండ అంటారు. నాలుగింటికి మీ పేరూ రాయించాను. చొక్కా మార్చుకొని రండి. దారిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే డాక్టరు దగ్గరికని చెప్పండి. ఏ డాక్టరని అడిగితే అదీ చెప్పండి.