తాబేలుని తీసుకెళ్ళిపో

అజారా అక్కా,

నువ్వు కుమాసీ నగరానికి వెళ్తూ నాకిచ్చిన తాబేలుకి చిప్ప మెత్తబడింది. వేలితో నొక్కితే లోపలికి పోతోంది, వాసనొస్తోంది. ఎండుగాలికి పగిలిందని అమ్మమ్మ రోజూ దానికి, మనకి ఒంటికి రాసే షియా గింజల వెన్న రుద్దుతోంది. నెట్‌లో చూశాను, జిడ్డు రాస్తే ఇంకా కుళ్ళుతుందట. వద్దంటే, “ఓసి ఇంగ్లీషు డాక్టరమ్మా, నువ్వూ ఈ వెన్నతోనే పెరిగావే!” అని నవ్వుతుంది. ఆమె పక్కకెళ్ళగానే దొంగతనంగా తుడిచేస్తున్నా.

దీనికి జబ్బని నాన్నకి తెలిస్తే ఊరి డ్యామ్‌లో పడేస్తాడు. ఫోన్ మాత్రం చెయ్యకు, అమ్మ ఎత్తి ఆయనకి చెప్పేస్తుంది.

నువ్వెళ్ళాక ఈ ఇంట్లో నేను మాట్లాడేది దీంతోనే. మాట్లాడుతుంటే మెడ చాపి వినేది. ఇప్పుడు చాపట్లేదు. భయమేస్తోంది అక్కా. ఆదివారం ఊరికే చూడ్డానికొచ్చినట్టు వచ్చి, దాన్ని తీసుకెళ్ళి డాక్టర్‌కి చూపించు. బాగయ్యాక మళ్ళీ ఇమ్మని అడగను.

నీ చెల్లి