ఫొటోలో కింద కనిపించే చెయ్యి

జగిత్యాల జిల్లా రాయికల్ మండలవాసిని, ప్రస్తుతం ఖతర్‌లో అల్ ఖోర్ క్యాంపులో ఉంటూ రాస్ లఫాన్‌లో డ్యూటీ చేస్తున్న తోకల జలంధర్ అనే నేను, తండ్రి కీ.శే. నర్సింగ్, వయసు ముప్పై తొమ్మిది, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఇది. ఎడమ మోకాలు తప్ప మిగతావన్నీ, బుద్ధితో సహా, స్థిమితంగానే ఉన్నాయి. ఎల్లుండి దోహాలో ఆ మోకాలికి ఆపరేషన్. మత్తు ఇస్తారట. లేస్తానన్న నమ్మకం ఉంది. మా అన్న గజేందర్ మీదే నమ్మకం లేదు, అందుకే రాస్తున్నాను.

1. ఊళ్లో నా వాటా ఇల్లు, ఇరవై గుంటల పొలం నా భార్య గంగామణికి సర్వహక్కులతో దఖలు. ఈ వీలునామాను అమలు చేసేదీ ఆమే.

2. కబడ్డీ లీగ్‌లో మూడు సీజన్లు ఎడమ కార్నర్ ఆడాను. కూతకొచ్చినవాడి చీలమండ పట్టుకుని, మిగతావాళ్లు మీద పడేదాకా వదలకుండా ఉండేవాడే కార్నర్. టీవీలో చూపించేది మాత్రం మీద పడ్డవాళ్లను, జుట్టుకు రంగేసుకుని తొడలు చరుచుకుంటూ కూతకెళ్లే రైడర్లను. నా జెర్సీలతో ఇల్లు తుడుచుకోవచ్చు. బట్ట మంచిది.

3. మా జట్టులోనే రైడర్‌గా ఆడిన అన్న గజేందర్‌కు సెమీఫైనల్ ఫొటో. ఆ రోజు కాలు పట్టింది నేను. ఆయన చివర్లో వచ్చి నా మోకాలి మీద దూకాడు. పేపర్లో మాత్రం ‘గజేందర్ పట్టు’ అని పడింది. పైన నవ్వుతున్నది ఆయన, కింద కనిపించే చెయ్యి నాది. నా ఆట అక్కడితో సరి. ఆస్పత్రికి యాపిల్ పళ్లు తెచ్చి, రెండు తనే తిని వెళ్లాడు.

4. నన్ను జనార్దన్ అని పిలుస్తూ జట్టు యజమాని కప్పిన వీడ్కోలు శాలువా మా వీధి కుక్కకు. ఈనినప్పుడు పరచాలి.

5. నా కూతురు పుష్ప, పదిహేడేళ్లు, తనూ ఎడమ కార్నరే. స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటొచ్చింది. తండ్రి ఊళ్లో లేడని అనుమతి ఫారం అన్న చేతికిచ్చారు. ఆయన సంతకం పెట్టలేదు. “మా తమ్ముడు దుబాయ్‌ల ఉన్నడు, పోరి సంగతి నేనే సూస్కుంట. కార్నర్ ఆడి కాలు ఇరగ్గొట్టుకునుడెందుకు? రైడరైతే పేపర్ల ఫొటో వస్తది” అన్నాడట కోచ్‌తో. దయ్యాలు వేదాలు వల్లించడమంటే ఇదే. ఎనిమిదేళ్లుగా తమ్ముడున్న దేశం పేరు తెలియని పెద్దమనిషి నా బిడ్డ బతుకు చూసుకుంటాడట! గడువు ఈ నెలాఖరు. కొత్త ఫారం తెప్పించి సంతకం పెట్టాను. రేపు సెలవు మీద ఊరెళ్తున్న మా క్యాంపు తిరుమల్ దాన్ని గంగామణి చేతికే ఇస్తాడు. నేనున్నా పోయినా పుష్ప చదువూ ఆటా తేల్చేది వాళ్లమ్మే. గజేందర్‌కు వెంట్రుకవాసి హక్కు కూడా లేదు.

6. పుష్పకు ఇచ్చేది ఒక్క నిజం. ఇది వాళ్లమ్మకు కూడా చెప్పలేదు. ఆ రోజు అన్న దూకకముందే నా మోకాలు టక్కుమంది. పట్టుకున్న కాలు అప్పుడే వదిలేసి ఉంటే ఇంకో ఐదేళ్లు ఆడేవాణ్ని. పక్కనే అన్న ఉన్నాడు, నవ్వుతాడని వదల్లేదు. అయినా మూడో నిబంధన కొట్టేయను. నువ్వు మాత్రం మోకాలు టక్కుమంటే వదిలెయ్యి బిడ్డా. పాయింటు పోతే పోనీ. నవ్వేవాళ్లను నవ్వనీ.

అల్ ఖోర్, 14 నవంబర్ 2025
(సంతకం) తోకల జలంధర్

సాక్షులు, ఇద్దరూ నా గదిలోనివాళ్లే:
1. ఫరీదుద్దీన్
2. తిమ్మప్ప